ఆ పిల్ల చేతిలో ఏముంది?

మీరు అడిగింది ఇది: "మా అమ్మాయికి పదిహేనేళ్లు. గూఢచారిగా పనిచేసే పదహారేళ్ల పిల్ల కథతో థ్రిల్లర్ నవల మొదలుపెట్టింది. హీరోయిన్ గట్టి పిల్ల అనిపించాలంటే, చదివేవాళ్లు నమ్మాలంటే ఏం చేయాలి?"

ముందు ఆ హీరోయిన్ చేతిలో తుపాకీ ఉంటే తీసి పక్కన పెట్టించండి. కరాటే, బైకు, పదో అంతస్తు నుంచి తాడు పట్టుకుని దూకడం, ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు. ఆ పిల్ల వీధిలో నడిచి వెళ్తున్నప్పుడు చేతిలో ఏముందో ముందు తేల్చుకోమనండి. ఈ మాట నాది కాదు, మా అమ్మమ్మది. ఆమె అన్ననాటి నుంచి ఏ గూఢచారి కథ చదివినా, ఏ సినిమా చూసినా నా కళ్లు ముందు హీరోయిన్ చేతులమీదికే పోతాయి. చాలా కథలు నా దగ్గర అక్కడే పడిపోయాయి.

1991లో పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. సూర్యాపేటలో మా ఇంటి దగ్గర అద్దెకు పుస్తకాలిచ్చే కొట్టు ఒకటుండేది. రోజుకు అర్ధరూపాయి. రోజుకు రెండు చొప్పున చదివేసేదాన్ని. అన్నిట్లో ఏజెంటు మగవాడే. అమ్మాయి వచ్చేది మధ్యలో, అదీ కుర్చీకి కట్టేయించుకోవడానికి. ఓ పదిహేను పుస్తకాలయ్యాక నాకు ఒళ్లు మండిపోయింది. లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనుక్కుని నేనే నవల మొదలుపెట్టాను. హీరోయిన్ పేరు విజయ, వయసు పదహారు, ఊరు ఢిల్లీ. నేను ఢిల్లీ చూసింది లేదు. విజయకు రాని విద్య లేదు. మొదటి అధ్యాయంలోనే ముగ్గురిని కొట్టి, మేడ మీద నుంచి దూకి, శత్రువుల ఫైలు పట్టుకొచ్చేసింది. అరవై పేజీలు రాశాక అది ఎవరికైనా వినిపించకపోతే నిద్రపట్టని స్థితికి వచ్చాను.

ఆ సెలవుల్లో అమ్మమ్మ వాళ్ల ఊరు వెళ్లాం. సూర్యాపేట నుంచి బస్సులో గంట దూరం. ఎండాకాలం కాబట్టి ఇంటి ముందు పందిరి కింద చింతపండు పని నడుస్తోంది. పెంకు తీసిన చింతపండు రాతి మీద పెట్టి, చిన్న ఇనుప కడ్డీతో కొట్టి, గింజ బయటికి తీయడం. రోజంతా టక్కు టక్కుమని ఒకటే చప్పుడు. అమ్మమ్మకు చదువు రాదు. నేను పక్కన కూర్చుని నవల చదవడం మొదలుపెట్టాను. ఆమె కొడుతూనే వింటోంది. విజయ తెల్లవారుజామున శత్రువులుండే సందులోంచి నడిచి వెళ్తున్న చోటుకి వచ్చేసరికి చప్పుడు ఆగింది.

"ఆగు బిడ్డా. గా పోరి చేతుల ఏమున్నది?"

"ఏం లేదమ్మమ్మా. పిస్తోలు లోపల దాచుకుంది."

"ఒట్టి చేతులతోనే పోతున్నదా? పట్టుకోరా మరి! ఈడుపిల్ల పొద్దుపొద్దుగాల ఒట్టి చేతులు ఊపుకుంట ఎటు పోతదే? ఎవడైనా అడుగుతడు, ఎటు పోతున్నవని. బిందె పట్టుకుంటె నీళ్లకు పోతున్నదంటరు. గంప పెట్టుకుంటె చేనుకు పోతున్నదంటరు. ఒట్టి చేతులుంటె ఏమంటరు?"

నాకు కోపం వచ్చింది. నవల గురించి నీకేం తెలుసు అన్నట్టు మాట్లాడాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. కడ్డీ పక్కన పెట్టి చేతులు కొంగుకు తుడుచుకుని చెప్పింది. మా అమ్మకు కూడా అంతవరకూ తెలియని సంగతి అది.

1948 మొదట్లో, జొన్న కోతలప్పుడు, అమ్మమ్మకు పద్నాలుగేళ్లు ఉంటాయేమో. ఊళ్లో నిజాం తరఫు సాయుధులైన రజాకార్ల క్యాంపు ఉంది. వాళ్ల మీద పోరాడే సంఘం వాళ్లు పగలు ఊళ్లో కనిపించేవాళ్లు కారు. మగవాడు ఎవడు ఊరు దాటినా ఆపి సోదా చేసేవాళ్లు, అనుమానం వస్తే కొట్టేవాళ్లు. అందుకని సంఘం చీటీలు ఆడపిల్లల చేతికి వచ్చాయి. రెండు కోసుల దూరంలో వాళ్ల చేను. రోజూ తండ్రికి సద్ది తీసుకెళ్లేది ఎలాగూ ఆమే. చేను దాటి ఇంకాస్త పోతే పక్క ఊరి బావి. చీటీ అక్కడ ఒక ముసలామెకు ఇవ్వాలి. అంతే ఆమెకు తెలిసింది. చీటీలో ఏముందో తెలియదు, తెలుసుకుందామన్నా చదువు రాదు. చదువు రాని పిల్లనే ఎందుకు ఎంచుకున్నారో అమ్మమ్మకు అప్పుడే అర్థమైందట: కొట్టినా ఏం చెప్తుంది, ఏం తెలుసని చెప్తుంది?

చీటీని సుట్టబట్టలో పెట్టింది వాళ్ల అమ్మ. తల మీద బరువు పెట్టుకునేటప్పుడు కింద పాత గుడ్డను మెలేసి గుండ్రంగా చుట్టి పెట్టుకుంటాం చూడండి, అది. పాత పంచె చింపి, మధ్యలో చీటీ పెట్టి, తాడు పేనినట్టు పేని చుట్ట చేసింది. దాని మీద గటక (జొన్నరవ్వతో వండేది) కుండ, కుండ మూతి మీద ఓ మట్టి మూకుడు, అందులో చింతతొక్కు.

క్యాంపు దగ్గర ఒకడు ఆపాడు. దించమన్నాడు. అమ్మమ్మ చేసింది ఒక్కటే పని. ముందు సుట్టబట్ట నేలమీద వేసి, దాని మీద కుండ పెట్టింది. గుండ్రటి అడుగున్న కుండ, కింద చుట్ట లేకపోతే ఒరిగిపోతుంది. ఏ ఆడపిల్లయినా అలాగే చేస్తుంది. వాడు మూకుడు తీసి తొక్కులో వేలు పెట్టాడు. కుండలో కట్టె పెట్టి అడుగుదాకా కెలికాడు. అంతటితో ఊరుకోక కుండను కాలితో తోశాడు. గటక సగం దుమ్ములో పడింది.

"నాకు ఏడుపొచ్చింది బిడ్డా. భయానికి కాదు. మా నాయిన పొద్దున్నుంచి కొడవలి పట్టుకొని ఉన్నడు, గటక మట్టిల పాయె. దబదబ ఏడ్చిన. వాడు నవ్విండు. పో అన్నడు."

సుట్టబట్ట దులిపి తలమీద పెట్టుకుని, మిగిలిన సగం కుండ ఎత్తుకుని నడిచింది. చీటీ చేరింది. తండ్రి ఆ రోజు సగం కడుపుతో కోత కోశాడు. ఎందుకు తక్కువైందని ఆయన అడగలేదట, ఈమె చెప్పలేదట.

చెప్పడం అయ్యాక అమ్మమ్మ మళ్లీ చింతపండు కొట్టుకోవడం మొదలుపెట్టింది. నేను అరవై పేజీలూ కొట్టేశాను.

ఆ ఏడుపు గురించి మీ అమ్మాయికి ప్రత్యేకంగా చెప్పండి. గట్టి పిల్ల అంటే ఏడవని పిల్ల అని మన కథలు రాసేవాళ్లకు ఎవరు నేర్పారో నాకు తెలియదు. కన్నీరు పెడితే హీరోయిన్ బలహీనమైపోతుందని భయపడి, రాతిబొమ్మలా నిలబెడుతున్నారు. మా అమ్మమ్మను ఆ రోజు కాపాడింది ఏడుపే. అది నటన అయ్యుంటే వాడు పట్టేసేవాడేమో. అది నిజం ఏడుపు, గటక కోసం ఏడుపు.

ఇదంతా ఒక్క పల్లెటూరి ముచ్చట అనుకోకండి. చాలా ఏళ్ల తర్వాత ఫిలిస్ లాటూర్ గురించి చదివినప్పుడు నాకు సుట్టబట్టే గుర్తొచ్చింది. బ్రిటన్ వాళ్ల రహస్య దళం ఎస్‌ఓఈ ఆమెను 1944 మే 1న పారాచూట్‌తో, జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌లోని నార్మండీలో దింపింది. వయసు 23. అక్కడ తిరిగింది మాత్రం పద్నాలుగేళ్ల పేదింటి పిల్లలా, సైకిలు మీద సబ్బులు అమ్ముకుంటూ. సబ్బులు! జర్మన్ సైనికులతో లొడలొడా మాట్లాడుతూ సబ్బులు అమ్మేది, చూసింది కోడ్ చేసి రేడియోలో పంపేది. అలా 135 సందేశాలు పంపింది. కోడ్ అచ్చేసిన సిల్కు గుడ్డను అల్లిక సూదికి చుట్టి, జుట్టు కట్టుకునే లేసులో దాచేది. ఒకసారి పట్టుకెళ్లి బట్టలు విప్పించి వెతికినప్పుడు, జుట్టు వైపు అనుమానంగా చూస్తున్నారని గ్రహించి, తానే లేసు లాగేసి తల విదిలించి చూపించింది. జుట్టు విడిపోయింది, వాళ్లు వదిలేశారు. కుండ కింద సుట్టబట్ట పెట్టడానికీ, తల విదిలించడానికీ తేడా ఏముంది? దాచుకున్నదాన్ని వాళ్ల కళ్ల ముందే పెట్టగలిగే గుండె అది. తుపాకీ పేల్చడానికి అందులో సగం గుండె చాలు.

నిజంగా పదహారేళ్ల పిల్లలే కావాలంటే నెదర్లాండ్స్‌లోని హార్లెం ఊరికి వెళ్లండి. ఓవర్‌స్టేగెన్ అక్కచెల్లెళ్లు ట్రూస్, ఫ్రెడ్డీ. 1940లో జర్మనీ దండెత్తినప్పుడు ఫ్రెడ్డీకి పద్నాలుగేళ్లు. రెండు జడలు వేసుకుంటే పన్నెండేళ్ల పిల్లలా ఉండేదట. జర్మన్లకు ఎదురు తిరిగిన రహస్య దళంలో చేరి కరపత్రాలు పంచారు, యూదుల పిల్లల్ని దాటించారు, తర్వాత తుపాకీ కూడా పట్టారు. సైకిలు మీద ఒకరు తొక్కుతుంటే ఒకరు కాల్చేవాళ్లు. చంపినవాళ్లు ఎందరని ఎవరు అడిగినా ఫ్రెడ్డీ చెప్పలేదు, సైనికుణ్ని ఆ లెక్క అడగకూడదనేది. అయినా నన్ను కట్టిపడేసింది తుపాకీ కాదు. వాళ్ల దేశాన్ని ఏలుతున్న నాజీ అధికారి సైస్ ఇన్‌క్వార్ట్ పిల్లల్ని ఎత్తుకురమ్మని దళం చెబితే, పిల్లల జోలికి పోమని కుదరదన్నారు. సొంత దళానికే కుదరదని చెప్పడం! మీ అమ్మాయి నవలకు పతాక సన్నివేశం కావాలంటే శత్రువు ఎదురుగా కాకుండా సొంత మనుషుల ఎదురుగా పెట్టమనండి.

వాళ్లతో కలిసి పనిచేసిన హానీ స్కాఫ్ట్‌ది ఇంకో కథ. ఎర్ర జుట్టు పిల్లగా పోలీసులకు తెలిసిపోయింది కాబట్టి జుట్టుకు నల్లరంగు వేసుకుని కళ్లద్దాలు పెట్టుకుని తిరిగింది. 1945 మార్చిలో హార్లెంలో సోదా దగ్గర దొరికింది. సంచిలో నిషేధించిన పత్రికలు, పిస్తోలు. జుట్టు మొదళ్లలో ఎర్రగా పెరుగుతున్న వెంట్రుకలు ఆమెను పట్టిచ్చాయి. ఏప్రిల్ 17న కాల్చి చంపారు. దేశానికి విముక్తి వచ్చింది మే 5న, మూడు వారాలు కూడా లేదు. జుట్టు మొదలు ఎంత? గోరంత. ఒక నవలకు ప్రాణం పోసే వివరం ఆ గోరంతలో ఉంటుంది. మన నవలల్లో హీరోయిన్ ఆరు నెలలు మారువేషంలో తిరిగినా ఒక్కసారి కూడా రంగు మళ్లీ వేసుకోదు.

ఇంకొకటి కూడా చెప్పాలి, చాలా ఏళ్లుగా మనసులో ఉంది. ఈ కథల్లో హీరోయిన్‌కి అమ్మ ఎందుకుండదు? మొదటి పేజీలోనే అమ్మానాన్నల్ని చంపేసి అనాథను చేస్తారు, అడిగేవాళ్లు లేకపోతే కథ సులువుగా కదులుతుందని. ట్రూస్, ఫ్రెడ్డీలను దళంలోకి తీసుకోవడానికి వచ్చిన మనిషి వాళ్ల అమ్మను అడిగి తీసుకున్నాడు. మా అమ్మమ్మ సుట్టబట్ట పేనింది వాళ్ల అమ్మే. ఆ గుడ్డ పేనుతున్నప్పుడు ఆ తల్లి చేతులు ఎలా ఉన్నాయో, పిల్ల తిరిగొచ్చేదాకా ఇంట్లో ఏం పని పెట్టుకుందో ఆలోచిస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. అమ్మను బతకనివ్వమనండి. ఇంట్లో అమ్మ ఉన్న పిల్ల గడప దాటడమే ఒక అధ్యాయం.

తెలుగులో ఈ వయసు పిల్లలకు పుస్తకాలే లేవన్న బాధ నాకు వేరే ఉంది. పదేళ్లదాకా నీతికథలు, కుందేలూ తాబేలూ. 1947లో మొదలై మూడు నాలుగు తరాలను పెంచిన చందమామ కూడా ఆగిపోయింది. పద్దెనిమిది దాటితే పెద్దల నవలలు. మధ్యలో ఉన్న పిల్లలు ఏం చదవాలి? మా పాప పదమూడేళ్లప్పుడు పుస్తకాల ప్రదర్శనలో తెలుగు అరలన్నీ వెతికాం. పోటీపరీక్షల గైడ్లు వరసలకు వరసలు దొరికాయి. చివరికి ఇంగ్లిషు థ్రిల్లరే కొన్నాం. అందులో పిల్ల లండన్‌లోనో న్యూయార్క్‌లోనో పరిగెడుతుంది, మన పిల్ల ఇక్కడ కూర్చుని చదువుతుంది. అలాంటి కథ మన మట్టిలో లేకనా? తెలంగాణ పోరాటం 1946 నుంచి 1951 దాకా నడిచింది. మల్లు స్వరాజ్యం 1931లో పుట్టింది, అంటే పోరాటం రాజుకున్నప్పుడు పదిహేనేళ్లు. రాజక్క పేరుతో అజ్ఞాతంలో దళం నడిపింది, పట్టిస్తే పది వేల రూపాయలని ప్రకటించారు. ఆ రోజుల్లో పది వేలు! తర్వాత తుంగతుర్తి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యే అయింది, 2022లో పోయింది. ఈ పిల్ల మీద ఇన్నేళ్లలో ఒక్క మంచి థ్రిల్లర్ మన పదిహేనేళ్ల పిల్లల చేతికి రావద్దా? కనీసం ఆ ఆడవాళ్లు చెప్పుకున్న మాటలు స్త్రీశక్తి సంఘటన అనే మహిళల బృందం వాళ్లు 1986లో "మనకు తెలియని మన చరిత్ర"గా తెచ్చారు కాబట్టి బతికాం. మీ అమ్మాయికి అది కొనివ్వండి. థ్రిల్లర్ కాదు, అయినా రాత్రి పడుకోనివ్వదు.

ఆ పుస్తకం చదివితే ఇంకో సంగతి తెలుస్తుంది. పోరాటం ఆగిపోయాక ఆ ఆడవాళ్లను ఇళ్లకు పొమ్మన్నారు. నిన్నటిదాకా దళంలో తిరిగినవాళ్లు పొయ్యి దగ్గరికి వచ్చారు. నవలలు ఇక్కడిదాకా రావు, పేలుడుతో ముగించేస్తాయి. ఫ్రెడ్డీ పెళ్లి చేసుకుని పిల్లల్ని కన్నది, నిద్ర పట్టని రాత్రులు గడిపింది. నెదర్లాండ్స్ ప్రధాని పిలిచి పతకం ఇచ్చింది 2014లో, అప్పటికి ఫ్రెడ్డీకి తొంభై దగ్గరపడింది. ఫిలిస్ లాటూర్ చేసిన పని ఆమె పిల్లలకే 2000 దాకా తెలియదు, పెద్దకొడుకు ఇంటర్నెట్‌లో చూసి తెలుసుకున్నాడు.

మా అమ్మమ్మ సంగతి చెప్తాను. 1996లో మా మామయ్య ఎవరో చెప్పగా సమరయోధుల పింఛనుకు ప్రయత్నిద్దామన్నాడు. ఆమెను తీసుకుని ఒక ఆఫీసుకు వెళ్లాం, నేనూ ఉన్నాను. బల్ల వెనకున్నాయన తలెత్తకుండానే జైలు కాగితం ఉందా, వారెంటు నకలుందా, మీతో పనిచేసినవాళ్ల సర్టిఫికెట్టు ఉందా అని అడిగాడు. ఏమీ లేవు. చీటీ తీసుకున్న ముసలామె ఎప్పుడో పోయింది, ఆమె పేరు కూడా అమ్మమ్మకు తెలియదు. రుజువు లేకుండా అందరూ ఇలాగే వస్తారమ్మా అన్నాడాయన. బయటికొచ్చాక నేను ఏడ్చేశాను. అమ్మమ్మ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, "పట్టుబడ్డోళ్లకు కాయితం ఉంటది బిడ్డా. నేను పట్టుబడకపోతిని గద," అంది. సోడా తాగుదామని అడిగింది. తాగాం. మళ్లీ ఆ ఆఫీసుకు వెళ్లలేదు.

ఆ మాట నేను ఎన్నడూ మరచిపోలేదు. పని బాగా చేసిన గూఢచారికి ఆనవాలు మిగలదు. అందుకే ఎవరో ఒకరు రాయాలి.

మీరు అడిగినదానికి సూటిగా పనికొచ్చే మాటలు ఇంకో రెండున్నాయి. ఆ పిల్లను మరీ అందంగా పెట్టొద్దనండి. వీధిలో పదిమంది తిరిగి చూసే మొహం ఈ పనికి పనికిరాదు. ఆ పిల్లకు తెలియని విషయం ఒకటి ఉంచమనండి, చీటీలో ఏముందో అమ్మమ్మకు తెలియనట్టు. అన్నీ తెలిసిన హీరోయిన్‌ను చూస్తే నాకు భయం వేయదు. తనేం మోస్తోందో తెలియకుండా రెండు కోసులు నడిచే పిల్లను తలచుకుంటే ఇప్పటికీ అరచేతులు చెమటలు పడతాయి.

నా లాంగ్ నోట్‌బుక్ ఇప్పటికీ ఉంది. కొట్టేసిన అరవై పేజీల తర్వాత, అరవై ఒకటో పేజీలో విజయ ఢిల్లీలో లేదు. మా అమ్మమ్మ ఊరి దారిలో ఉంది, తల మీద గటక కుండ ఉంది. ఆ సెలవులు అయిపోయేలోపు ఇరవై పేజీలు రాశాను, తర్వాత ఇంటర్‌లో చేరి ఆగిపోయాను. మీ ప్రశ్న చూశాక నిన్న రాత్రి బయటికి తీశాను.

మీ అమ్మాయికి అభ్యంతరం లేకపోతే రాసినంతవరకు నాకు పంపమనండి, చదివి చెప్తాను. మొత్తం కాకపోయినా ఫర్వాలేదు. ఆ పిల్ల మొదటిసారి ఇల్లు వదిలి వీధిలోకి వచ్చే పేజీ ఒక్కటి ముందు పంపండి.